రబియాకు విషం పెట్టిందెవరు?

రోహిణి కార్తె ఎండలో చెప్పుల్లేకుండా నరసరావుపేట వీధులన్నీ దాటి వచ్చిన జమీలా, ప్రైవేటు డిటెక్టివ్ చెన్నకేశవులు గదిలో నేలమీదే కూలబడింది. అత్త రబియా తినే అన్నంలో జమీలాయే విషం కలుపుతోందని భర్త మన్సూర్ నమ్మేశాడు. రేపు జుమ్మా నమాజు అయ్యాక పెద్దల ముందు తలాక్ చెబుతాడట. చంటిపిల్లను అప్పుడే లాక్కున్నాడు.

"నా బిడ్డ పాలకేడుస్తా ఉంటదయ్యా. ఇంక మీరే దిక్కు," అంది. కేశవులు సహాయకురాలు దయామణి మంచినీళ్లిస్తే, పాపం, గ్లాసు పట్టుకునే ఓపిక కూడా లేదు.

సాయంత్రం ముగ్గురూ ఆ ఇంటికి వెళ్లారు. ఊరంతా ఉడికిపోతుంటే రబియా దుప్పటి కప్పుకుని వణుకుతోంది. మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, ఒక్కో మాటా ఈడ్చుకుంటూ వస్తోంది. మన్సూర్ గుంటూరులో చేయించిన రక్తపరీక్ష కాగితం తెచ్చి పడేశాడు. వృత్తికి మెకానిక్కే గానీ, కోపమొస్తే జడ్జీ అయిపోయే రకం.

"గొంతులో థైరాయిడ్ గ్రంథి పాడైందన్నారు సార్. ఊరికే పాడైద్దా?"

కేశవులు వాదించలేదు. అందరూ ఒకే గిన్నెలో కూర తింటారా అని అడిగాడు. తింటారు. మరి రబియా ఒక్కతే తీసుకునేదేమిటని అడిగితే, కిటికీలో ఉన్న ఉబ్బసం మందు సీసా తప్ప ఇంకేమీ తేలలేదు. డోసుల కొలత తెలియడానికి సీసాకు అంటించిన కాగితం మాసి నల్లబడింది. ఆ సీసా, రక్తపరీక్ష కాగితం పట్టుకుని ఆయన వెళ్లిపోయాడు. మర్నాటిదాకా జమీలా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని గడిపింది.

నమాజు అయ్యాక పెద్దల్నీ ఇంటివాళ్లనీ కూర్చోబెట్టి కేశవులు రక్తపరీక్ష కాగితం విప్పాడు.

"టీ-ఫోర్ అంటే ఆ గ్రంథి తయారుచేసే సరుకు. అది తక్కువుంది. టీఎస్‌హెచ్ అంటే పని చెయ్యమని పైన తలలోంచి దానికి వచ్చే కేక. అది బాగా ఎక్కువుంది. ఎద్దు కదలకపోతే తోలేవాడు గట్టిగా అదిలిస్తాడు చూడండి, అట్లాగన్నమాట. మొరాయించింది గ్రంథే. దాన్ని పడుకోబెట్టింది ఈ సీసాలోని అయొడైడ్ అనే ఉప్పు. సీసా చూపిస్తే గుంటూరు డాక్టరూ అదే అన్నాడు."

కఫం కరగడానికి ఆ మందును డాక్టరు కొద్దిరోజులకే రాశాడు. తర్వాత చీటీ లేకపోయినా, ఖాళీ సీసా చూపించి "అదే మందు" అంటే కొట్లో నింపి ఇస్తూనే ఉన్నారు. పేటలో ఎవరింటి సీసాకైనా జరిగే మర్యాదే అది. ఏళ్లతరబడి వాడితే కొందరికి గ్రంథి చతికిలబడుతుందని ఎవరికి తెలుసు?

"సీసా నింపించేదెవరు?" అన్నాడు కేశవులు.

మన్సూర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేనే సార్. అమ్మకి ఆయాసం రాకూడదని."

ఇది నేరం కాదనీ, డాక్టరు చేత మందు మార్పించుకుంటే గ్రంథి తేరుకునే అవకాశముందనీ కేశవులు చెప్పాడు. రబియా కోడలి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. మన్సూర్ పిల్లను తెచ్చి భార్య ఒళ్లో పెట్టి, తల దించుకుని నిలబడ్డాడు.

"మందు ఆపితే అత్త లేచి తిరుగుద్దంట," అంది జమీలా. "నువ్వు నన్నన్న మాట ఏది ఆపితే పోద్ది?"

ఆమె పిల్లను కొంగులో చుట్టుకుని లోపలికెళ్లి తలుపు వేసుకుంది.