పైకప్పు మీద మూడో దెబ్బ

“మేస్త్రి చనిపోయిన కారుకి పైకప్పు బిగించింది నువ్వే కదూ?”

పెద్దాయన ఫైలులోంచి తలెత్తకుండానే అడిగాడు. సీక్రెట్ సర్వీసుకి చీఫ్ అయ్యాక, జవాబు తెలియని ప్రశ్నలు అడిగే అలవాటు ఆయనకు పోయింది.

“అవును సార్,” అన్నాడు పదిహేడు.

డిపార్ట్‌మెంటులో అతనికి ఆ నెంబరే పేరు. గూఢచారి కాకముందు కార్ల బాడీ ఫిట్టరు. ఆ పనీ ఈ పనీ రెండూ నేర్పినవాడు మేస్త్రి. రెండేళ్ళ క్రితం ఓ మధ్యాహ్నం, పదిహేడు బిగించిన కార్బన్ ఫైబర్ పైకప్పు కింద కూర్చుని తాళం తిప్పిన మరుక్షణం, మేస్త్రి కారుతో సహా పేలిపోయాడు. బాంబుకి కరెంటు ఎలా అందిందో నిపుణులు తేల్చలేకపోయారు. అప్పటి నుంచి పదిహేడు కంటినిండా నిద్రపోయిన రోజు లేదు.

“మళ్ళీ అదే పని. విదేశీ ముఠా కోసం మన దగ్గర గూఢచర్యం చేస్తున్న ఇరవై ముగ్గురి జాబితా మనకి దొరికింది. ఒరిజినల్. సాయంత్రం ఆరులోగా జడ్జి చేతిలో పడాలి. లేకపోతే లాకప్పులో ఉన్న వాళ్ళ నాయకుడు బెయిలు మీద బయటికొచ్చి విమానం ఎక్కేస్తాడు. కొరియర్ నాలుగింటికి స్పోర్ట్స్ కారులో బయలుదేరుతుంది.”

“పైకప్పు ఎందుకు మార్చడం?”

“బుల్లెట్‌ప్రూఫ్ అద్దాలు వేశాం. బరువు పెరిగింది. కొండదారి మలుపుల్లో తూలకుండా ఉండాలంటే పైన తగ్గించాలి.” పెద్దాయన పేజీ తిప్పాడు. “ముఠాలో మన మనిషి ఉంది చూడు, ముత్యాలు. ఆవిడ కబురు పంపింది. దెబ్బ పైకప్పు దగ్గరే కొడతారట. ప్యానెల్‌కి ఎక్స్‌రే తీశాం, ఏమీ లేదు. అయినా నీ చేత్తో ఓసారి చూడు.”

“కొరియర్ ఎవరు సార్?”

పెద్దాయన అప్పుడు తలెత్తాడు. “మేస్త్రి భార్య.”

పదిహేడు ఆమెని వదినా అనే పిలిచేవాడు. వదిన రెండేళ్ళుగా అతనితో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేదని చాలాసార్లు అనుకున్నాడు.

పెద్దాయన ఓ కవరు ముందుకు జరిపాడు. అందులో అరిగిపోయిన పాత నాణెం ఉంది. ఒక పక్క కాలి నల్లబడింది. “నీకిమ్మంది. ఇంకేం చెప్పలేదు.”

అది మేస్త్రి నాణెం. అతనికి మెషీన్ల మీద నమ్మకం లేదు. బిగించిన ప్రతి పైకప్పునూ నాణెంతో అంగుళం అంగుళం తట్టి వినేవాడు. జిగురు పట్టనిచోట డొల్లగా మోగుతుంది. ఆరోజు ఆ నాణెంతో పైకప్పంతా తట్టి చూసి, తిరిగి మేస్త్రి జేబులో వేసింది పదిహేడే. ఎక్కడా డొల్ల లేదు. ఆ సంగతే అతన్ని తినేస్తోంది. తప్పు చేసినట్టు తెలుసు, ఏ తప్పో తెలియదు.

వర్క్‌షాపులో ముత్యాలు అప్పటికే ఎదురుచూస్తోంది. మెడలో మూడు పేటల ముత్యాల హారం, కాళ్ళకి ఎత్తు మడమల చెప్పులు, చేతులకి ఫిట్టర్ల గ్లోవ్స్. ప్యానెళ్ళు సప్లై చేసే కంపెనీ ప్రతినిధిగా ముఠా ఆమెను పెట్టింది. డిపార్ట్‌మెంటు జీతం ఇస్తోంది. రెండేళ్ళ క్రితం కూడా హెచ్చరించింది ఆమే. కాస్త ఆలస్యంగా హెచ్చరించింది. అందుకు మెడల్ కూడా పుచ్చుకుంది.

“పైన గాలి చల్లగా ఉంది,” అంది కోడ్ ప్రకారం.

“కింద నేల వేడిగా ఉంది,” అన్నాడు పదిహేడు. ఇలాంటి మాటలు ఎవరు రాస్తారో అతనికి ఎప్పుడూ అర్థం కాలేదు.

“ప్యానెల్లో ఏమీ లేదు. నా మాట నమ్మండి.”

అతను నమ్మలేదు. పెన్నులా కనిపించే స్కానర్‌తో రెండు వైపులా చూశాడు. పచ్చ లైటు వెలిగింది. నాణెంతో తట్టాడు. ఎక్కడా తేడా లేదు.

పది గంటలకి పని మొదలైంది. పాత పైకప్పు ముందే కోసి తీసేశారు. ఫ్రేము చుట్టూ గాజునూలు టేపు అంటించాడు. కార్బన్ ఫైబర్ చూడ్డానికి నేసిన గుడ్డలా ఉన్నా, దాని గుండా కరెంటు పారుతుంది. ఫ్రేము ఇనుముకి తగలకుండా మధ్యలో ఈ టేపు ఉండాలి. దాని మీద నల్లని రబ్బరు జిగురు గన్‌తో వేసుకుంటూ వచ్చాడు. పది నిమిషాల్లో ప్యానెల్ కూర్చోవాలి. లేకపోతే జిగురు పైన పొర కడుతుంది.

ఇంకొక్క మూల మిగిలి ఉండగా ఆఫీసు గదిలో ఫోను మోగింది. పెద్దాయనేమోనని పరుగెత్తాడు. ఎవరూ మాట్లాడలేదు. తిరిగొచ్చేసరికి ఎడమవైపు వెనక మూల ముత్యాలు పూర్తిచేసి ఉంది.

“జిగురు ఆరిపోతుందని నేనే వేసేశాను. తప్పా?”

“లేదు మేడమ్. థాంక్స్.”

ఇద్దరూ సక్షన్ కప్పులతో ప్యానెల్ ఎత్తి మెల్లగా దించారు. బెల్టులు బిగించి చుట్టూ హీటర్ లైట్లు పెట్టాడు. ఇక ఆరేదాకా చేయాల్సింది ఏమీ లేదు.

ఏమీ చేయనప్పుడే మేస్త్రి వస్తాడు. నల్లని పైకప్పు నిగనిగలో పదిహేడు భుజం వెనక నిలబడ్డట్టే అనిపించింది. వెనక్కి తిరిగితే గోడకి వేలాడుతున్న ఏప్రన్. మళ్ళీ ముందుకు తిరిగితే చెవి పక్కనే ఆ గొంతు. “విన్నావా తమ్ముడూ? సరిగ్గా విన్నావా?” ఆరోజు అడిగిన మాట. “బాగుంది మేస్త్రీ,” అన్నాడు ఆరోజు. అలా అని, అరచేత్తో పైకప్పు మీద రెండు దెబ్బలు వేశాడు.

రెండు దెబ్బలంటే బయలుదేరమని. బుల్లెట్‌ప్రూఫ్ అద్దాల్లోంచి మాట వినపడదు గనక మేస్త్రి పెట్టిన పద్ధతి అది. మూడు వేస్తే తాళం మీంచి చెయ్యి తీసేయాలి. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒక ఊపిరి ఆగాలి.

సరిగ్గా నాలుగింటికి వదిన వచ్చింది. నల్ల జాకెట్టు, లోపలి జేబులో జాబితా. పదిహేడు వైపు చూడకుండానే కారెక్కి తలుపేసుకుంది.

“ఆలస్యమవుతోంది,” అంది ముత్యాలు.

“ఒక్క నిమిషం.”

అంచు వెంబడి నాణెంతో తట్టుకుంటూ వెళ్ళాడు. కింద రబ్బరు జిగురు ఉంది గనక చప్పుడు మొద్దుగా, మెత్తగా వస్తోంది. ముందు వైపు, కుడి వైపు, వెనక వైపు, అంతా అంతే. ఎడమవైపు వెనక మూలకి వచ్చాడు.

టింగ్.

శుభ్రమైన చప్పుడు. డొల్ల అన్నమాటే లేదు. ఏ ఫిట్టరైనా మురిసిపోయేంత బాగుంది.

రెండేళ్ళుగా పదిహేడుని నిద్రలోంచి లేపుతున్నది ఈ చప్పుడే. అదీ ఇదే మూల. అప్పుడూ సగం పనిలో ఫోను మోగింది. అతను డొల్ల కోసం విన్నాడు గానీ, రబ్బరు మీద కూర్చున్న కప్పు ఇంత గట్టిగా మోగకూడదని అతనికి తోచలేదు. ఇక్కడ కింద రబ్బరు లేదు, టేపూ లేదు. లోహపు పొడి కలిపిన గట్టి జిగురు ఉంది. పైకప్పే తీగ. తాళం తిప్పితే కరెంటు లోపలి లైటు నుంచి కప్పులోకి, కప్పు నుంచి ఈ మూలలోకి, దీని కింద కారు ఫ్రేములో దాచిన బాంబుకి వెళ్తుంది.

తలెత్తి చూశాడు. ముత్యాలు ఇటుక గోడ చాటుకి వెళ్ళి నిలబడి ఉంది. అరిచినా లోపలికి వినపడదు. లోపలి నుంచి తాళం వేసిన తలుపు లాగినా రాదు.

అరచేత్తో పైకప్పు మీద ఒక దెబ్బ వేశాడు. వదిన తల కొంచెం పైకి లేచింది.

ఊపిరి. రెండో దెబ్బ.

వదిన చెయ్యి తాళం మీదికి వెళ్ళింది. రెండేళ్ళ క్రితం తన భర్తని పంపించిన రెండు దెబ్బలూ ఇవేనని ఆమెకి తెలుసు. మూడోదాని కోసం ఆగడానికి ఆమెకి కారణం ఏదీ లేదు. ఈసారి ఊపిరి పదిహేడుకి అందలేదు. తాళం కదలడం అద్దంలోంచి కనిపించింది.

మూడో దెబ్బ వేశాడు.

వేళ్ళు ఆగాయి. తర్వాత ఒక్కొక్కటిగా తాళాన్ని వదిలాయి.

“మేడమ్, గోడ చాటుకి ఎందుకు వెళ్ళారు?” అన్నాడు పదిహేడు.

ముత్యాలు హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టింది. అప్పటికే కారు దిగిన వదిన చేతిలో పిస్తోలు ఉంది. “చెయ్యి ఖాళీగా బయటికి తీయండి.”

ముత్యాలు తీసింది. “నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. పైకప్పు దగ్గరే అన్నాను. ప్యానెల్లో ఏమీ లేదన్నాను. అందరూ ప్యానెల్నే చూశారు.”

ఆమెని పైకప్పు బిగించిన బెల్టుతోనే వర్క్‌షాపు స్తంభానికి కట్టేశాక, పదిహేడు వదిన ముందు నిలబడ్డాడు. ఏడుపు ఆపుకోవాలని ప్రయత్నించలేదు.

“ఆరోజు కూడా ఇదే చప్పుడు వదినా. బాగుందనుకున్నాను. అన్నతో అదే చెప్పాను.”

“నిన్ను తిట్టడానికి రెండేళ్ళు మాటలు కూడబెట్టుకున్నాను. ఇప్పుడు ఒక్కటీ గుర్తురావడం లేదు,” అంది వదిన. అతను నాణెం చాచాడు. ఆమె తీసుకోలేదు. “నీ దగ్గరే ఉంచు. వినడం నీకిప్పుడు వచ్చింది.”

టైము నాలుగుంపావు. వర్క్‌షాపు మూలన సామాన్లు తెచ్చే పాత మోటార్‌సైకిల్ ఉంది. వదిన హెల్మెట్ పెట్టుకుని కూర్చుంది. కిక్ కొట్టబోతూ ఆగింది.

“తట్టు.”

పదిహేడు చెయ్యి లేవలేదు.

“తట్టు మరిదీ. టైమైపోతోంది.”

హెల్మెట్ మీద రెండు దెబ్బలు వేశాడు, మధ్యలో ఒక ఊపిరి ఆగి. బండి గేటు దాటింది. ఆ చప్పుడు పూర్తిగా దూరమయ్యేదాకా విన్నాడు.

ఆరుకి పది నిమిషాలుండగా ఫోను మోగింది. ఈసారి నిజంగానే పెద్దాయన.

“జాబితా అందింది. మన కారు ఇంకా అక్కడే ఉందంటున్నారు బాంబు స్క్వాడ్ వాళ్ళు. మరి ఆవిడ దేంట్లో వెళ్ళిందయ్యా?”

“బరువు తగ్గించమన్నారుగా సార్,” అన్నాడు పదిహేడు. “పైకప్పే లేకుండా పంపించాను.”