పొయ్యి రాజుకోని ఇల్లు

ఆకాశాన్ని భుజాన మోస్తున్నట్టుండే ఉలవకొండ దుర్గపు బురుజు మీద, రెండు నెలల ముట్టడికైనా మీసం దించని దుర్గపాలకుడు గుండయనాయకుడు కత్తి దూసి, "నా కంఠాన ప్రాణముండగా ఈ కోటలో శత్రువు కాలు మోపజాలడు! ఆకలి సైతం నా పేరు విని వణకవలె!" అని దిక్కులు మారుమ్రోగ గర్జించాడు. ఆ వెంటనే ఆయన కడుపు అంతకన్న గట్టిగా గర్జించగా, శత్రువుల నగారా కాబోలునని పక్కనున్న భటులు డాళ్లెత్తారు.

ఏం చేస్తాడు పాపం! వాన పడి ఏరు పొంగితే చుట్టుముట్టిన దండు దానంతటదే లేచిపోతుంది. ఆ వాన రాదు. కోటలో గింజ లేదు. ఇంటికి పోతే తల్లి ప్రోలమ్మా, భార్య మాచాంబా మంచాల నులక విప్పేసి భటులకు వడిసెలలు పేనుతున్నారు. నడుము వాల్చడానికి నేలే గతి. అంగిట అంటుకునే సంకటేదో పెడతారు. అదేమిటని అడిగితే, "ముందు తినవయ్యా, పాలన తర్వాత!" అంటారు.

ఆ మధ్యాహ్నం మంత్రి కొమ్మనామాత్యుడు భటులను వెంటబెట్టుకుని నాయకుని వాకిటికే వచ్చాడు.

"వీరులారా! మీ బిడ్డలు పస్తులుండగా ఈ వంటింట పొద్దస్తమానం పొగ! దాచిన జొన్నలు గాక మరేమి? ఇట్టివానికై చావనేల? తలుపులు తెరచి శరణు వేడుదము!"

భటుల కళ్లు ఎర్రబడ్డాయి. గుండయ వంటింటి వైపు చూశాడు.

ప్రోలమ్మ కుండెత్తుకుని గడప దాటింది. "జొన్నలా నాయనలారా? చింతగింజలు! వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, దంచి ఉడికిస్తేగాని గొంతు దిగవు. పొగ రాక పన్నీరు వస్తుందా? మీ ఆడవాళ్లను పంపండి, నేర్పుతాను." అని మంత్రిని ఎగాదిగా చూసింది. "అవునుగాని కొమ్మనా, నెలనాళ్లుగా మీ ఇంట పొయ్యే రాజుకోలేదు. ఆ బుగ్గలు గాలికి ఊరాయా?"

భటులు మంత్రి ఇల్లు సోదా చేయగా, నిప్పు అక్కరలేని తిండి దొరికింది: శత్రువు వరాహముద్ర వేసిన అటుకుల మూటలు. మంత్రికి సంకెళ్లు పడ్డాయి. ఇంటింటా రోకళ్లు లేచాయి. ఆ రోకళ్ల మీదనే కోట వాన దాకా నిలిచింది. ఏరు పొంగింది, దండు కదలిపోయింది.

జయజయధ్వానాల నడుమ నుంచి తప్పించుకుని గుండయనాయకుడు వంటింట తల్లి ముందు చేతులు కట్టుకు నిలిచాడు.

"అమ్మా, మన పొగ సంగతి మంత్రి చెవిన వేసింది నేనే. జొన్నలన్నీ మనవలకు దాచి, నాకు మాత్రం ఆ జిగురు సంకటి పెడుతున్నావని... ఆయన ముందు ఏడ్చాను కూడా."