ఇదేం కూర?

భానూర్ నుంచి వెలిమెల పోయే బాటల జహూర్ సాబ్ ఖాళీ ఇల్లుండె. ఫ్యాక్టరీల పనిచేసెటోళ్ళకు కిరాయికియ్యాలని కట్టిండు పాపం. ఒక్కడు దిగలే. పొద్దుగూకితే ఆ ఇంట్లకెళ్ళి రాజేశం కేకేస్తడని పేరు పడ్డది... సచ్చిన రాజేశం.

నేను సూడలే. విన్న ముచ్చట చెప్తున్న, ఎవలి నోట విన్ననో అడగకుండ్రి. నమ్మితే నమ్ముండ్రి.

డెబ్బై మూడుల, వానకాలం, అమాస రాత్రి. రెండో షిఫ్టు దిగి కిష్టయ్య సైకిల్ మీద ఒక్కడే వస్తుండు. సరిగ్గ ఆ ఇంటి ముంగటికి రాంగనే — చైను ఊడింది.

దిగిండు. చీకట్ల చైను పండ్లకు పడ్తలేదు. కప్పలు గూడ అరుస్తలేవు.

ఇంట్లకెళ్ళి ఎవలో గుసగుసగ అన్నరు —

"ఒచ్చినవా... నీకోసమే కూసున్న."

కిష్టయ్యకు పైపాణం పైన్నే పోయింది. దెయ్యమంటే ఎవలకైనా భయమే గద అంటరు మీరు. అది కాదు. ఆ ఇంట్ల దెయ్యం లేదని ఊర్ల అందరికన్న బాగ ఎరికైనోడు కిష్టయ్యే. ఆ దెయ్యాన్ని పుట్టించిందే ఆయన.

ఎనకటి ముచ్చట ఇనుండ్రి. చెప్పెటానికి నాకే సిగ్గయితుంది. అరవై తొమ్మిదిల తెలంగాణ లొల్లి నడుస్తుండె. నౌకర్లన్నీ ఆంధ్రోళ్ళకే పోతున్నయని మన పోరగాండ్లకు కడుపు మండింది. ఆ మంట అబద్ధం కాదు. కని ఏడ సల్లార్చుకున్నరు? నౌకర్లిచ్చిన పెద్దసాబుల కాడ కాదు, డ్యూటీ దిగి ఇంటికి పోయెటోని ఈపు మీద.

కిష్టయ్య, ఇంకో ముగ్గురు, మూతులకు రుమాళ్ళు కట్టుకోని ఆ ఇంటి ముంగట కాపుగాసిండ్రు. చీకట్ల ఆంధ్రోడెవడో మనోడెవడో తెల్వాలె గద? చేతిల కూరకట్ట పట్టుకోని, దాని మీద బ్యాటరీ లైటేసి, "ఇదేం కూర?" అని అడుగుడు. ఆకు ఒక్కటే, పేర్లు రెండు. పుంటికూర అంటే మనోడు, పోనిచ్చుడు. గోంగూర అంటే... కట్టెలు.

మొదలు దొరికినోడు "గోంగూరండీ" అన్నడు.

కిష్టయ్యే ముందుగల కొట్టిండు. ఆ మనిషి కిందవడి "ఓ యవ్వా, సస్తినే" అని మొత్తుకున్నంక తెలిసింది — వాళ్ళ వాడకట్టు రాజేశమే. దినాం ఆఫీసర్ల క్వార్టర్లల్ల కూరలమ్మెటోడు. ఆడ పుంటికూర అంటే ఎవలకూ తెల్వదని గోంగూర అనుడు నేర్సుకున్నడు. చీకట్ల మొకాలు కానరాక, క్వార్టర్ల బాబులే అడుగుతుండ్రనుకోని మర్యాదగ చెప్పిండు, అమాయకుడు.

నలుగురూ ఉరికిండ్రు. తెల్లారేసరికి రాజేశం పాణం పోయింది. పాడె మోసినోళ్ళల్ల కిష్టయ్య గూడ ఉండె. ఎవలు కొట్టిండ్రని ఊర్ల గుసగుసలు మొదలైతుంటే, "రాజేశం ఆ ఇంట్ల కేకేస్తుండు, అటు పోకుండ్రి" అని పుకారు లేపిండు. దెయ్యం ముచ్చటొచ్చినంక సంపినోళ్ళ ముచ్చట అందరు మరిసిండ్రు.

అసొంటి ఇంట్లకెళ్ళి ఇప్పుడు నిజంగనే గొంతు...

కిష్టయ్య బురదల మోకాళ్ళ మీద పడ్డడు. "రాజేశం... నేనే కొట్టిన. ఆంధ్రోడనుకున్ననే. నువ్వని తెలిస్తె కొడుదునా? నన్నిడిసిపెట్టు..."

లోపట గాజుల సప్పుడైంది. తలుపుల నుంచి ఒక ఆడమనిషి బయటికొచ్చింది. దెయ్యం గాదు — రాజేశం పెండ్లాం సంగమ్మ. కిష్టయ్యకు వదినె వరుస.



"ఆయన ఈడ పిలుస్తడంటే..." అన్నదామె. "దెయ్యమైతే మాత్రం నా మొగడే గద. నాలుగేండ్ల సంది అమాసనాడల్ల వచ్చి కూసుంటున్న. ఒక్కదినం పలుకలే. ఇయ్యాల ఎవలో ఆగిన సప్పుడైతే ఆయననే అనుకున్న."

"వదినే... ఆంధ్రోడనుకోని..."

"ఆంధ్రోడైతే?" అన్నది సంగమ్మ. "వానింట్ల గూడ ఒక ఆడది బువ్వ మీద మూతవెట్టి ఎదురుసూస్తుండె గద, కిష్టయ్యా."

కిష్టయ్య లేసి సైకిల్ పట్టుకున్నడు.

"రేపు పొద్దుగాల నా వాకిట్లకు రా. నలుగురి ముంగట గిదే మాట చెప్పు. నీ నోటితోని చెప్పాలె. నేనైతే చెప్ప."

"వస్త, వదినే" అన్నడు.

పోలే. ఆ పొద్దూ పోలే, మర్నాడూ పోలే. సంగమ్మ గూడ అన్న మాట మీదనే ఉన్నది, ఎవలకూ చెప్పలే. దినాం పొద్దుగాల వాకిట్ల రెండు పీటలేసి, ఒకదాని మీద కూసుంటది.

కిష్టయ్య చేన్లల్ల పడి, చుట్టు తిరిగి డ్యూటీకి పోతడు.