మోచేతి మీద గులాబి దారం

నా తల కొలత నాకంటే ముందు స్వప్నకే తెలిసింది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మాది వ్యవసాయం చేసుకునే ఇల్లు. డ్రిప్పు పైపుల కంపెనీలో ఫీల్డు ఉద్యోగం వచ్చింది. పొద్దున మల్లాపూర్, మధ్యాహ్నం మేడిపల్లి, మధ్యలో ఏ రైతు పిలిస్తే ఆ పొలం. బండి లేకుండా కుదిరే పని కాదు. మస్కట్‌లో ఉన్న బాపు ఫోన్లో సరేనన్నాడు. జగిత్యాల వెళ్లి లైసెన్సు తెచ్చుకున్నాను. ఇబ్రహీంపట్నంలో మా ఇంటి ముందు కొత్త బండి నిలబడింది. దాని చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, అమ్మ ఒక్కటే మాట చెప్పింది.

"టోపీ కొనుక్కో కొడుకా. జర పెద్దదే తీసుకో. లోపల తువ్వాల కట్టుకోవాలె గదా!"

మా అమ్మ మొగిలవ్వ హెల్మెట్‌ను ఇప్పటికీ టోపీ అనే అంటుంది. తువ్వాల సంగతి మాత్రం ఆమె ఒక్కతిదే కాదు. మా దిక్కు అందరిదీ అదే లెక్క. ముందు తలకు తువ్వాల, దాని మీద హెల్మెట్. కొనేటప్పుడే తువ్వాలకు చోటు చూసుకునేవాళ్లం. అందుకే కోరుట్లలో ఆ రైడింగ్ సామాన్ల షాపుకు మెడలో తువ్వాలతో సహా దర్జాగా వెళ్లాను.

"ఆ నల్లది, మంటల బొమ్మలున్నది. ఎల్ సైజు ఇయ్యుండ్రి మేడమ్."

కౌంటర్ వెనక అమ్మాయి తలెత్తింది. మెడలో కొలతల టేపు వేసుకుని ఉంది. నా తలను చూసింది, తర్వాత నా తువ్వాలను చూసింది.

"హెల్మెట్ తలకాయకు కొంటున్నరా సార్, తువ్వాలకు కొంటున్నరా?"

షాపులో ఉన్న మరో ఇద్దరు పక్కున నవ్వారు. నా చెవులు వేడెక్కాయి.

"రెండిటికీ" అన్నాను పౌరుషంగా.

"అయితే రెండు కొనుండ్రి."

అంటూనే నా కనుబొమ్మల పైనుంచి తల చుట్టూ టేపు తిప్పేసింది. "యాభై ఏడు. మీది ఎమ్ సైజు." మంటల బొమ్మలేమీ లేని తెల్ల హెల్మెట్ ఒకటి తెచ్చి నా తలకు తొడిగింది. బుగ్గలు రెండూ ముక్కు మీదికి వచ్చాయి.

"ఇవుకున్నది" అన్నాను. 'ర' పలకడానికి కూడా నోట్లో చోటు లేదు.

"ఇరుకుండాలె. నెల రోజులకు లోపలి మెత్త మీ మొఖానికి సరిపడ కూసుంటది. వదులుగుంటే పడ్డప్పుడు హెల్మెట్ ఒక దిక్కు పోతది, మీరొక దిక్కు పోతరు. తల అడ్డంగ ఊపుండ్రి."

ఊపాను. హెల్మెట్ తలతో పాటే కదిలింది.

"ఏంది, నచ్చలేదా?"

"మీరే గదా ఊపమన్నది!"

అప్పుడు నవ్వింది. నవ్వుతూనే నా గడ్డం కింద పట్టీ బిగించి, అందులోకి రెండు వేళ్లు దూర్చి చూసింది. "రెండు వేళ్లు పట్టాలె. మూడోది పట్టద్దు."

ఆ రెండు వేళ్లు తీసేసిన తర్వాత కూడా చాలాసేపు అక్కడే ఉన్నట్టు అనిపించింది. హెల్మెట్ చేత్తో పట్టుకుని బయటికి వచ్చి, అద్దాల తలుపు అవతల నుంచి ఆమెనే చూస్తూ, ఎవరికీ వినపడకుండా గుసగుసగా "మస్తున్నది" అనుకున్నాను.

*

చేతి గ్లౌజులు కూడా తీసుకోమని ఆ రోజే చెప్పింది. పడితే ముందుగాల నేలను తాకేది చెయ్యే అంది. వచ్చే వారం చూద్దామన్నాను. మళ్లీ రావడానికి ఒక సాకు ఉండాలి కదా.

వచ్చే వారం నన్ను చూడగానే అడిగింది. "ఏం మస్తున్నది సార్? హెల్మెటా?"

అద్దం అవతల గుసగుసగా అన్న మాట ఈమెకు ఎలా వినపడింది? నాకు చెమటలు పట్టాయి. ఆ కంగారులోనే నోట్లోంచి అబద్ధం ఊడిపడింది.

"గ్లౌజులు కావాలె మేడమ్. పడ్డ."

"అయ్యో! ఏడ?"

"మల్లాపూర్ కాడ. కుక్క అడ్డమొచ్చింది."

ఆ "అయ్యో" ఎంత బాగుందంటే, మరుసటి వారం మేడిపల్లి దగ్గర బర్రె అడ్డం వచ్చింది. మోకాలి గార్డులు కొన్నాను. ఆ పై వారం ఇసుకలో జారాను. చీలమండలు కప్పే బూట్లు కొన్నాను. అన్నీ ఒకేసారి కొనుక్కుంటే ఒక్క రోజే కదా చూసేది. ఒక్కొక్కటే కొంటే నెలంతా చూడొచ్చు.

స్వప్న ప్రతిసారీ నా పాత సామాన్లు అడిగి తీసుకునేది. గ్లౌజులను ట్యూబులైటు కింద తిప్పి తిప్పి చూసేది. గోటితో కుట్ల మీద గీసేది. సరుకు నాణ్యత చూసుకుంటోంది కాబోలు అనుకునేవాణ్ని.

"ఇసుకల పడి ఏ కాలు నొచ్చింది?"

"కుడిది."

"మరి ఎడమది కుంటుతున్నరేంది?"

"అది... దానికి తోడుగ."

పెదాలు బిగబట్టి లోపలికి వెళ్లిపోయేది. లోపల ఏం సర్దేదో, ఐదు నిమిషాల దాకా బయటికి వచ్చేది కాదు.

చివరికి జాకెట్టు మిగిలింది. మెరిసిపోతున్న ఎర్ర జాకెట్టు ఒకటి నేను పట్టుకోగానే లాక్కుని, తిరగేసి, మోచేతి దగ్గర బట్టను రెండు బొటనవేళ్లతో సాగదీసింది.

"పైన మెరుపు, లోపల పల్చటి నేత. రోడ్డుకు రాసుకుంటే రెండడుగులకు పేలికలైతది. గీ బూడిద రంగుది చూడుండ్రి. మందం దారం, కుట్టు మీద కుట్టు. భుజం కాడ, మోచేయి కాడ మెత్తలు కదలకుంట ఉన్నయి. బండి మీద కూసున్నట్టు చేతులు ముందుకు చాపుండ్రి. మెత్త మోచేతి మీదనే ఉండాలె, జరగద్దు."

"బట్ట సంగతి మీకెట్ల తెలుసు?"

"మాది సిరిసిల్ల సార్. మా బాపు బాలకిషన్‌కు నాలుగు సాంచాలున్నయి. మరమగ్గాల చప్పుడుల పుట్టి పెరిగిన. ఈడ మా మేనత్త ఇంట్ల ఉంటున్న." జాకెట్టు జిప్పు పైకీ కిందికీ లాగుతూ చెప్పింది. "మా సంతోష్ అన్న బండి మీద పడ్డడు. హెల్మెట్ అద్దానికి తగిలేసుకున్నడు, చేతులకు ఏం లేవు. పానమైతే దక్కింది గని కుడిచేతి రెండేళ్లు వంగవు. సాంచా మీద పోగు తెగితే అతకాలంటే వేళ్లే గదా కావాల్సింది! ఇంటికొచ్చి పడలేదన్నడు, బాపు తిడతడని. మూడు రోజులు దాసిండు. ముందుగాల్నే చెప్పుంటే వేళ్లు దక్కునేమో."

నాకు సిగ్గేసింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలో ఆమే అంది, "సద్దుల బతుకమ్మకు ఇంటికి పోతున్న. మళ్ల రాను. సిరిసిల్లలనే బట్టలు కుట్టే కంపెనీల పని దొరికింది."

బూడిద రంగు జాకెట్టు కొనుక్కుని బయటపడ్డాను. ఆ పండుగకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆమె వెళ్లేలోపు నిజం చెప్పాలి, మనసులో మాటా చెప్పాలి. తొమ్మిది రోజులూ అద్దం ముందు సాధన చేశాను. పదో రోజు ఆమె ఉండదన్న ఊహకే తిండి సయించేది కాదు.

*

ఆమె షాపులో ఉండే చివరి రోజు మేడిపల్లి అవతల ఒక పొలంలో పని ముగించుకుని బయలుదేరాను. సన్నగా వాన మొదలైంది. రోడ్డు మీద సగం మేర మొక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి. జనం టార్పాలిన్లు పట్టుకుని పరుగెడుతున్నారు. మూల తిరిగానో లేదో, తడిసిన మక్కగింజల మీద ముందు చక్రం జర్రున జారింది.

నేను నిజంగా పడ్డాను.

ఎడమ మోచెయ్యి, అరచెయ్యి, తర్వాత తల. రోడ్డు మీద అలా చాలాదూరం జారినట్టు అనిపించింది గానీ, లేచి చూస్తే నాలుగైదు గజాలే. ఒక అవ్వ టార్పాలిన్ వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"నా మక్కలన్నీ ఆగమాగం చేస్తివి గదరా!" అని తిట్టి, ఆ వెంటనే "దెబ్బ తాకిందా కొడుకా?" అని చెంబుతో నీళ్లిచ్చింది.

తాకలేదు. భుజం కొంచెం నొప్పి, అంతే. వేళ్లు పదీ ముడిచి చూసుకున్నాను. పదీ వంగాయి. ఆ తడి రోడ్డు మీద నిలబడి, స్వప్న వల్లే కదా ఇవి వంగుతున్నాయనుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

కానీ ఆమెకు చెప్పకూడదనుకున్నాను. సంతోష్ గుర్తొస్తాడు, భయపడుతుంది. ఇష్టపడిన అమ్మాయిని చివరి రోజున ఏడిపించడం ఎందుకు?

షాపుకు చేరేసరికి పూర్తిగా తడిసిపోయాను. ఆమె నన్ను చూసి నిలబడిపోయింది.

"పడ్డరా?"

"లేదు."

కౌంటర్ దాటి వచ్చింది. నా ఎడమ చెయ్యి పట్టుకుని మోచేతిని వెలుతురుకు తిప్పింది. పైపొర రెండంగుళాల మేర అరిగి, దారాలు తెగి నూగు నూగుగా లేచి ఉన్నాయి. వాటి మీద వేలు పెట్టింది.

"పడనప్పుడు పడ్డనన్నవ్. పడ్డప్పుడు పడలేదంటున్నవ్. ఏం మనిషివి నువ్వు?"

నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి.

"పడలేదని... నీకు ముందే తెలుసా?"

"మల్లాపూర్ల కుక్క, మేడిపల్లిల బర్రె! గ్లౌజు మీద ఒక్క గీతన్న ఉన్నదా? ఒక్క పోగన్న తెగిందా? నేను సాంచాల కాడి పిల్లను. మనుషులు ఏమన్న చెప్పని, బట్ట చూస్తే నాకు తెలుస్తది. నన్ను చూసెతందుకే వస్తున్నవని నవ్వుకున్న. లోపలికి పోయి నవ్వుకున్న. గా అబద్ధాలు మంచిగనే అనిపించినయి." నా చెయ్యి వదిలేసింది. "గిది మంచిగ లేదు. మా అన్న గూడ గిట్లనే అన్నడు."

"స్వప్నా..."

"జాకెట్టు విప్పు. హెల్మెట్ గూడ ఇయ్యి. దెబ్బ తాకిన హెల్మెట్ పైకి మంచిగనే కనపడతది, లోపల పని అయిపోతది. మళ్ల పెట్టుకోవద్దు." విప్పి ఇచ్చాను. హెల్మెట్‌ను సంచిలో వేసి నా చేతికే తిరిగి ఇచ్చింది. జాకెట్టు మాత్రం తన దగ్గరే పెట్టుకుంది. "గిది కావాలంటే సిరిసిల్లకు రా. బండి ఈడనే పెట్టి, బస్సుల రా."

*

పండుగ అయిన మూడో రోజు బస్సులోనే వెళ్లాను. ఆ వీధిలో అడుగు పెట్టగానే చప్పుడు. ఇంటింటా సాంచాలు. పక్క మనిషి మాట కూడా వినపడదు. షెడ్డు గుమ్మం దగ్గర స్వప్న నిలబడి ఉంది. లోపల, దూరంగా, నెరిసిన జుట్టు బాలకిషన్ సాంచా ముందు ఉన్నాడు. పక్కన దారపు కండెల బుట్టతో సంతోష్.

ఇంత చప్పుడులో ఎవరికి వినపడుతుందిలే అన్న ధైర్యంతో, ఉన్నచోటనే నిలబడి మామూలుగా చెప్పేశాను.

"జాకెట్టు కోసం రాలే స్వప్నా. నీ కోసమే వచ్చిన. నువ్వంటే నాకు పానం. ఇంకెప్పుడు దాయను. పడితే ముందుగాల నీకే చెప్త. నన్ను చేసుకుంటవా?"

స్వప్న ముఖం ఎర్రబడింది. తల తిప్పి షెడ్డు లోపలికి చూసి నాలుక కరుచుకుంది. నేనూ అటు చూశాను. బాలకిషన్ నన్నే చూస్తున్నాడు. సంతోష్ బుట్ట కింద పెట్టి మరీ నవ్వుతున్నాడు. బాలకిషన్ సాంచాలు ఒక్కొక్కటీ ఆపుకుంటూ వచ్చాడు.

"ఏం పిలగా, మాకు వినపడదనుకున్నవా? నలభై ఏండ్ల సంది గీ చప్పుడుల బతుకుతున్నం. మేము చెవులతోని ఇనం, పెదాలు చూసి ఇంటం."

అద్దం అవతలి "మస్తున్నది" అప్పుడు అర్థమైంది. నేల చీలితే బాగుండుననిపించింది.

"పడ్డవా?" అన్నాడు బాలకిషన్.

"పడ్డ మామా. మక్కల మీద. ఎడమ దిక్కు. భుజం నాలుగు రోజులు నొచ్చింది." ఒక్కటి కూడా దాచలేదు.

ఆయన చాలాసేపు నా పెదాలనే చూశాడు. తర్వాత గోడకున్న జాకెట్టు తీసి ఇచ్చాడు. మోచేతి దగ్గర తెగిన చోటంతా పోగు పోగు ఎక్కించి రఫూ చేసి ఉంది. బూడిద రంగు బట్ట మీద ముదురు గులాబి దారం.

"బూడిద రంగు దారం లేకుండె. సాంచా మీద బతుకమ్మ చీరల దారం గిదే ఉండె, దాంతోనే అతికిన. గిది రోడ్డు మీదికి పనికిరాదు. కొత్తది కొనుక్కో. గిది ఇంట్ల పెట్టుకో, యాదికుంటది." సంతోష్ వంక ఒకసారి చూశాడు. "మీది ఎవుసం, మాది సాంచాలు. మాట్లాడుకునేటియి మస్తున్నయి. మీ అమ్మను తోల్కరా. నా బిడ్డకు మాత్రం పడ్డది పడ్డట్టు చెప్పాలె. గంతే."

మా అమ్మ వచ్చింది. స్వప్నను కింది నుంచి మీది దాకా చూసి, "తువ్వాలకు జాగ లేకుంట టోపీ అమ్మిన పిల్లవు నువ్వేనా?" అని అడిగింది. స్వప్న భయపడుతూ అవునంది. "ఆ ఇరుకు టోపీయే నా కొడుకును కాపాడింది బిడ్డా" అని దగ్గరికి తీసుకుంది.

*

ఎనిమిదేళ్లయింది. కోరుట్లలో ఆ షాపు ఇప్పుడు లేదు, అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. అటు వెళ్లినప్పుడల్లా ఆ అద్దాల తలుపు ముందు కాసేపు బండి ఆపుతాను. నా పాత హెల్మెట్‌ను అమ్మ వంటింట్లో బోర్లా తిప్పి ఉల్లిగడ్డలు పోసుకుంటోంది. జాకెట్టు మా గదిలో తలుపు వెనక వేలాడుతోంది.

పోయిన నెల స్వప్న జగిత్యాలలో లైసెన్సు తెచ్చుకుంది. స్కూటీ వద్దు, బండే కావాలంది. ఈసారి టేపు నా చేతిలో ఉంది. ఆమె తల యాభై అయిదు. గడ్డం కింద పట్టీలో నా రెండు వేళ్లు పెట్టి చూశాను. అవసరమైన దానికంటే కాసేపు ఎక్కువే ఉంచాను.

"మూడోది పెట్టకు" అంది హెల్మెట్ లోపలి నుంచి.

నిన్న సాయంత్రం వాన. ఆమె ఇంటికి రావడం ఆలస్యమైంది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. బండి ఆపి, తడిసిన జాకెట్టుతో లోపలికి వచ్చింది. ఏమీ అడగకుండా ఆమె కుడి మోచేతిని వెలుతురుకు తిప్పాను.

"అడుగు ముందుగాల" అంది.

"పడ్డవా?"

"పడ్డ. మల్లాపూర్ కాడ. కుక్క అడ్డమొచ్చింది."

మోచేతి మీద ఒక్క పోగు కూడా తెగలేదు. గ్లౌజులు చూశాను. ఒక్క గీత కూడా లేదు. తలెత్తి చూస్తే, పెదాలు బిగబట్టి నవ్వు ఆపుకుంటోంది.

"అయ్యో!" అన్నాను.