ఎడమచేతి టీ

1976 జూలైలో ఒక శనివారం, పొద్దున పది గంటలకు, ఒమన్ దేశపు సలాలాలో డాక్టర్ హమీదున్నీసా ఇంటి పెరట్లో ఇస్తారి టీ గ్లాసు కోసం ఎడమచెయ్యి చాపాడు. సత్తవ్వ గ్లాసు వెనక్కి గుంజుకుంది.

“కుడిచెయ్యి ఊర్ల మరిచిపోయి వచ్చినవా?”

“చేతికి సిమెంట్ ఉంది.”

“ఎడమచేతికి లేదా? అదేమన్న దొర చెయ్యా?”

“టీ ఇస్తవా, ఇయ్యవా?”

“మనిషి లెక్క అడిగితే ఇస్త.”

గ్లాసు గోడమీద పెట్టి లోపలికి పోయింది. ఇస్తారి దాన్ని ముట్టలేదు. టీలో తుంపర పడింది.

ఇస్తారిది మెట్‌పల్లి. ఆ ఇంటి వెనక ప్రహరీ కట్టే గ్యాంగులో బ్లాకులు మోస్తాడు. సత్తవ్వది కోరుట్ల. హైదరాబాదులో డాక్టరమ్మ పిల్లల్ని సాకింది, డాక్టరమ్మకు ఇక్కడ ఉద్యోగం వస్తే వాళ్లతోపాటు వచ్చింది. ఆ పెరట్లో సొంత యాసలో తిట్టుకోగలిగినవాళ్లు ఇద్దరే. ఆ సంగతి ఇద్దరికీ మొదటి రోజే తెలిసింది.

మరుసటి రోజు కూడా ఆమె గ్లాసు గోడమీదే పెట్టింది.

“నీ టీ గోడకు ఇచ్చిన. దానికి మర్యాద తెల్సు.”

“ఆ గోడ కట్టింది మేమే. మా మర్యాదే దానికి వచ్చింది.”

“ఉక్కపోతల ఫుల్ చేతుల అంగీ ఏంది? హీరో అనుకుంటున్నవా?”

“నిన్ను సూడమన్ననా?”

“నా కండ్లు, నా ఇష్టం.”

అన్నాక ఆమె గబగబా లోపలికి పోయింది. ఆ రోజు ఇస్తారి టీ తాగాడు.

మూడో వారం తుంపరకు, గోడ ఎక్కడానికి వేసిన చెక్క పలక తడిసింది. ఎడమ భుజం మీద బ్లాకుతో ఇస్తారి పలక ఎక్కుతుంటే ఎడమ మోకాలు మడత పడింది. బ్లాకు కిందపడి పగిలింది. అతను పడ్డచోటు నుంచి లేవబోయాడు. ఎడమచెయ్యి కింద ఇరుక్కుంది. కుడిచెయ్యి ఆనించబోతే మోచెయ్యి వంగిన చోటే ఆగింది, వేళ్లు నేలను పట్టలేదు. చొక్కా చెయ్యి పైకి జరిగింది. మోచెయ్యి ఎముక పక్కకు తిరిగి అతుక్కుని ఉంది.

సత్తవ్వ కేక పెట్టింది. మేస్త్రి గులాం నబీ ఉరికొచ్చాడు. అతనూ చూశాడు.

“అరే, ఈ చెయ్యి ఏందిరా? మెడికల్ ఎట్ల పాసైనవ్?”

“చెయ్యి చాపమనలే, సాబ్. ఛాతీ చూసిన్రు, పంపిన్రు.”

డాక్టరమ్మ వరండాలో కూర్చోబెట్టి చెయ్యి చూసింది, తర్వాత మోకాలు. నాలుగేళ్ల కిందట బావి పూడిక తీస్తుంటే మోకు తెగి పడ్డానని, ఊళ్లో కట్టు కట్టించుకున్నానని ఇస్తారి చెప్పాడు.

“మోకాలికి రెండు వారాలుగా గోలీలు ఇస్తున్నాను. ఈ చెయ్యి ఒక్కసారైనా చూపించావా?”

“నొచ్చేది మోకాలమ్మా. చెయ్యి నొయ్యది.”

“చెయ్యి పనిచెయ్యదు కాబట్టి బరువంతా ఎడమ పక్కే మోశావు. నడుం ఒంగింది, తుంటి పట్టేసింది, ఇప్పుడు మోకాలు వాచింది. ఆ మాట చెప్పకుండా మోకాలికి మందేస్తే ఏం లాభం?” డాక్టరమ్మ గొంతు పెరిగింది. “చెయ్యి ఇక తిన్నగా కాదు. మోకాలు పూర్తిగా తగ్గదు. కాపడం, కట్టు, నేను చెప్పే కసరత్తు మానకపోతే ఇంకా చెడిపోకుండా ఆపొచ్చు. భుజం మీద బ్లాకులు మాత్రం వద్దు.”

“మొయ్యనోడు నాకెందుకమ్మా?” అన్నాడు నబీ. “కంపెనీకి చెప్తా. గురువారం బండిల మస్కట్, ఆడికెల్లి ఇంటికి.”

వాళ్లు వెళ్లాక ఇస్తారి సత్తవ్వ వైపు తిరిగాడు.

“నువ్వు ఒర్రినవు. నా పని పోయింది.”

“నువ్వు దాచినవు. నీ మోకాలు పోయింది.”

“దాచకపోతే బొంబాయిలనే ఆపుతుండిరి.”

“నాకన్న చెప్తే ఏం పోయె? ఇన్ని రోజులు మర్యాద లేనోడని తిట్టిన. ఆ తిట్లన్ని ఇప్పుడు నేనేడ పెట్టుకోవాలె?”

“నీకాడనే ఉంచుకో. చెయ్యి సూసినోళ్లంతా అయ్యో అంటరు. అయ్యో అనకుంట కొట్లాడింది నువ్వొక్కదానివే.”

సత్తవ్వ లోపలికి పోయింది. కాపడానికి వేడినీళ్లు తెచ్చి అతని ముందు దబ్బున పెట్టింది. సగం నీళ్లు అతని కాళ్లమీదే పడ్డాయి.

మరునాడు నబీ వచ్చేసరికి ఆమె పెరట్లో ఉంది. సైట్లో పడున్న వెదురుబొంగుకు రెండు వైపులా రెండు నూనె డబ్బాలు తాళ్లతో కట్టింది. డబ్బాల్లో సగం దాకా సిమెంట్ మాలు. బొంగు మెడ వెనక రెండు భుజాల మీద అడ్డంగా పెట్టుకుని గోడ దాకా నడిచి, దింపింది.

“ఏందిది?” అన్నాడు నబీ.

“కావడి. మా నాయన ఇట్లనే నీళ్లు మోస్తుండె. బరువు రెండు దిక్కుల సమానం. పట్టుకునుడు ఒక్క చెయ్యి చాలు.”

“బ్లాకులు ఎవరు మోస్తరు?”

“పదిమంది ఉన్నరు గద! ఒకడు మాలు మోస్తే గోడ లేవదా? మాలు మోయనీకి నిన్న ఇద్దర్ని పెట్టినవు. నేను సూడలేదా?”

నబీ వరండాలో ఉన్న డాక్టరమ్మ వైపు చూశాడు.

“సగం డబ్బాలే,” అంది డాక్టరమ్మ. “మోకాలు వాచిన రోజు మోయకూడదు. వాపు నేనే చూస్తాను.”

“నెల చూస్తా,” అన్నాడు నబీ. “మాలు లేటయితే బండి ఎక్కిస్తా.”

ఇస్తారి కావడి ఎత్తుకున్నాడు. ఎడమచేత్తో బొంగు పట్టుకున్నాడు. కుడిచెయ్యి పక్కన ఉంది. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి. మోకాలు నొప్పిగానే ఉంది. గోడ దగ్గర డబ్బాలు దింపి ఆగాడు.

“ఇంక కోపమేనా?” అడిగాడు.

“ఆఁ.”

“ఎప్పుడు తగ్గుతది?”

“నీ మోకాలు తగ్గినప్పుడు.”

“అది పూరా తగ్గదట గద. డాక్టరమ్మ చెప్పింది.”

“అయితే ఇది గూడ తగ్గది. ఉన్నన్ని రోజులు పడు.”

ఇస్తారి ఆమె ముఖం చూశాడు. ఆమె చూపు తిప్పలేదు.

“మీ నాయనకు కబురు పంపాల్నా?”

“పంపకపోతే ఇంక కోపమొస్తది.”

నెల తిరిగింది. గురువారం బండి మస్కట్‌కు వెళ్లింది. ఇస్తారి ఎక్కలేదు.

శనివారం పొద్దున పది గంటలకు సత్తవ్వ టీ తెచ్చింది. మిగతావాళ్లకు కుడిచేత్తో ఇచ్చింది. ఇస్తారి దగ్గరికొచ్చి గ్లాసు ఎడమచేతిలోకి మార్చుకుని చాపింది.

“అరే, ఉల్టా హాత్!” అన్నాడు నబీ.

ఇస్తారి ఎడమచేత్తో అందుకున్నాడు.