మూడో జాకీ

తెల్లవారుజామున 5:40కి వంటింటి కప్పు కూలింది. ఏడింటికి రామనాథం శవాన్ని బయటికి తీశారు. తొమ్మిదింటికల్లా మేస్త్రీ దేముడు లాకప్‌లో ఉన్నాడు. ఫిర్యాదు ఇచ్చింది రామనాథం భార్య నీరజ.

ఇన్‌స్పెక్టర్ ఉమామహేశ్ భవానీపూర్‌లోని ఆ పాత ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. వానలు మొదలైతే చాలు, కలకత్తాలో ఏదో ఒక ఇల్లు కూలుతూనే ఉంటుంది. ఆయనకు విసుగు కూడా అలవాటైపోయింది.

కేసు తేలికే. వంటిల్లు హాల్లో కలపాలని మధ్యగోడ పడగొట్టించారు. అది పైఅంతస్తు బరువు మోసే గోడ. దాని బదులు దేముడు కాంక్రీటు దూలం పోశాడు. అది గట్టిపడేదాకా కింద మూడు ఇనుప జాకీలు నిలబడాలి. శిథిలాల్లో రెండే దొరికాయి. మూడోది వరండాలో చెక్కుచెదరకుండా ఉంది.

"బద్ధకం, సార్. మూడోది పెట్టనేలేదు," అన్నాడు ఎస్సై ఆశిష్.

దేముడిది పొద్దున్నుంచీ ఒకటే మాట. "మూడూ ఎట్టేను బాబూ. మా అమ్మ మీద ఒట్టు. మూడు వారాలు ముట్టుకోవద్దని అమ్మగోరికి సెప్పేను. ఇంకేటి సెయ్యమంటారు?"

కేసు నిలబడితే అతనికి జైలే. కూలివాడి ఒట్టు ఎవడు వింటాడు?

ఉమామహేశ్ శిథిలాలు తొలగించిన వంటింట్లో మోకాళ్ల మీద కూర్చుని చీపురుతో దుమ్ము మెల్లగా తుడిచాడు. దూలం పోసినప్పుడు కారిన సిమెంటు పాలు నేల మీద ఎండిపోయి ఉన్నాయి. అందులో మూడు చదరపు ఖాళీలు. జాకీల పాదాలు ఆనిన చోట్లు.

మూడు!

మధ్య ఖాళీలో తెల్లటి గీతలు కనిపించాయి.

"ఆల్పనా, సార్. మీవాళ్లు వేసే తడిపిండి ముగ్గులాంటిదే. పొద్దున్నే చూశాం," అన్నాడు ఆశిష్.

"చూశారు. ఎక్కడుందో చూడలేదు."

పక్కగదిలో నీరజ నేల మీద కూర్చుని ఉంది. మొగుడు పోయి పూట కాలేదు. ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నట్టుంది నా ఉద్యోగం, అనుకున్నాడు ఉమామహేశ్. అయినా అడగాలి.

"వంటింట్లోకి నిన్నట్నుంచి ఎవరెళ్లారమ్మా?"

"ఎవరూ వెళ్లలేదండీ. తాళం వేసుంది. తెల్లారుతుండగా ఏదో చప్పుడైతే ఆయన చూడ్డానికి వెళ్లారు."

"తాళం వేసిన గదిలో ముగ్గెవరు వేశారు?"

నీరజ వంటింటి వైపు చూసింది.

"ఆ ముగ్గు మూడో జాకీ నిలబడ్డ చోట ఉందమ్మా. గీత ఎక్కడా తెగలేదు. జాకీ తీశాకే అక్కడ ముగ్గు వెయ్యగలరు. రేపట్నుంచి మూఢం, శుభకార్యాలుండవు. మా ఇంట్లోనూ అదే గోల. కొత్త వంటింట్లో పాలు పొంగించడానికి ఈరోజే ఆఖరు. అవునా?"

నీరజ తలూపింది.

"పొయ్యి పెట్టేచోట జాకీ అడ్డొచ్చిందండీ. ఒక్క గంట తీసేద్దామన్నాను. మేస్త్రీ వద్దన్నాడుగా అన్నారాయన. నేనే పోరాను. ఇక మారుమాట్లాడకుండా తీసి వరండాలో పెట్టారు. నేను ముగ్గేశాక పొయ్యి ముట్టించడానికి వెళ్లారు. నేను పాలగిన్నె తెస్తున్నాను..."

"దేముడి మీద ఎందుకు పెట్టారు?"

"నేనే చంపుకున్నానని ఎవరితో చెప్పుకోనండీ?"

ఉమామహేశ్‌కు ఆమె మీద కోపం రాలేదు. జాలి వేసింది, నీరసం వచ్చింది. అక్కడే నిలబడి స్టేషన్‌కు ఫోన్ చేసి దేముణ్ని వదిలెయ్యమన్నాడు.

నీరజ తలెత్తింది.

"ఆయన ఎప్పుడూ నా మాట కాదనలేదండీ. ఈ ఒక్కరోజు గట్టిగా కాదంటే ఏం పోయేది?"