నాన్న నేర్పుతానన్న ఈత

"ఇవాళ రాలేనండీ. మా స్నేహితుణ్ణి పంపిస్తాను, నాకంటే బాగా చేస్తాడు."

ఏసీ మెకానిక్ పొద్దున టీ చల్లారేలోపు ఒకరి తర్వాత ఒకరికి ఇదే మాట చెప్పి, ఫోను బల్లమీద బోర్లించాడు. పొయ్యి దగ్గరున్న భార్య గరిటె పట్టుకునే వెనక్కి తిరిగి చూసింది. ఎండాకాలంలో ఆయన "రాలేను" అని ఇంట్లోవాళ్ళతో అనగా ఆవిడ బోలెడుసార్లు విన్నది. బయటివాళ్ళతో అనగా వినడం ఇదే మొదలు.

"ఒంట్లో బావుందా మీకు?"

"భేషుగ్గా ఉంది. అమ్మడిని లేపు. ఈతకి తీసుకెళ్తున్నాను."

"ఇప్పుడా?" అంది ఆవిడ. ఇంకేదో అనబోయి, పక్కగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ కూతురి మొహం చూసి ఊరుకుంది.

కూతురు కాసేపు తటపటాయించి, "వెళ్దాం నాన్నా" అంది.

ఏసీలు బాగుచేసేవాడికి ఎండలు ముదిరితేనే చేతినిండా పని. పిల్లలకి సెలవులిచ్చేదీ అప్పుడే, ఏం చేస్తాం. ఊరందరి గదులూ చల్లబరిచి ఆయన ఇల్లు చేరేసరికి పిల్ల నిద్రపోయేది. సొంత పడగ్గదిలో ఏసీ మూత ఎప్పుడో ఊడిపోయి, గోడకి నోరు తెరుచుకుని వేలాడుతోంది. దాన్ని రేపు చూస్తానని ఆయన ఎన్నేళ్ళుగా అంటున్నాడో ఆయనకే గుర్తులేదు.

ఈత సంగతీ అలాంటిదే. కూతురు చిన్నప్పుడు వీధిలో పిల్లలందరూ ఈత శిక్షణలో చేరుతుంటే తనూ చేరతానంది. ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. కుర్రతనంలో నిండు కాలువని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఈదిన మనిషి. "నేనుండగా నా కూతురికి ఎవడో ఈల ఊది ఈత నేర్పడమేంటి? నేనే నేర్పుతా. ఎక్కడా చేర్పించొద్దు" అని తేల్చేశాడు. ఆదివారం వెళ్దామన్నాడు. ఆదివారం ఎవరింట్లోనో కంప్రెసర్ కాలిపోయింది. పై ఆదివారం ఇంకెవరిదో. పిల్ల సంచిలో తువ్వాలు సర్దుకుని మెట్లమీద కూర్చునేది. ఆయన పనిముట్ల పెట్టె భుజాన వేసుకుని, ఆ సంచి దాటుకుంటూ, "వచ్చేవారం తప్పకుండా, అమ్మడూ" అని బండెక్కేవాడు.

మొన్న ఒక ఇంట్లో నిచ్చెనెక్కి ఏసీ ఫిల్టరు విప్పుతుంటే, కింద ఆ ఇంటాయన కూతుర్ని హాస్టల్‌కి పంపడానికి పెట్టె సర్దుతున్నాడు. బట్టలు మడతపెట్టడం చేతకాక తిప్పలు పడుతుంటే, పిల్ల పక్కన కూర్చుని నవ్వుతోంది. మన మెకానిక్ నిచ్చెన మీదే పని ఆపి వాళ్ళనే చూస్తూ ఉండిపోయాడు. తన కూతురూ ఈ సెలవులయ్యాక హాస్టల్‌కి వెళ్ళిపోతుంది. ఇన్నేళ్ళలో తన చేత్తో దానికేం నేర్పాడని వెతుక్కుంటే ఒక్కటీ తోచలేదు. కనీసం ఈతైనా నేర్పి పంపాలనుకున్నాడు.

ముగ్గురూ ఊరి ఈతకొలనుకి వెళ్ళారు. భార్య తువ్వాళ్ళూ ఫోనూ పట్టుకుని గట్టునున్న బెంచీమీద కూర్చుంది. ఆయన నడుంలోతు నీళ్ళలో దిగి, కూతురి పొట్టకింద చెయ్యి ఆనించి పట్టుకున్నాడు.

"కాళ్ళాడించు. అలా కాదు, మోకాళ్ళు వంచకు. భయపడకు, నేనున్నానుగా."

పిల్ల నీళ్ళన్నీ ఆయన మొహాన చిమ్మింది. మునిగింది, దగ్గింది, ఆయన మెడ పట్టుకుంది. ఆయన ఆనందం చెప్పతరం కాదు. పక్కన ఈదుతున్నవాళ్ళని పిలిచి మరీ, "మా అమ్మాయండీ, ఇవాళే మొదలుపెట్టాం" అని చెప్పాడు. గట్టుమీద భార్య కళ్ళు దించుకుని తువ్వాలు మడతలు సరిచేసుకుంటూ కూర్చుంది.

కాస్త ధైర్యం వచ్చినట్టుందని ఆయన మెల్లిగా చెయ్యి తీసేశాడు. పిల్ల అది గమనించలేదు. చప్పుడు లేకుండా ముందుకి సాగిపోయింది. చెయ్యి చాచి, మొహం పక్కకి తిప్పి, ఊపిరి తీసుకుని మళ్ళీ నీళ్ళలోకి వంచింది. కొంతదూరం పోయాక గుర్తొచ్చినట్టుంది, కాళ్ళూ చేతులూ ఆపేసి, కావాలని మునిగి, దగ్గుకుంటూ లేచింది.

ఆయన మోటారు చప్పుడు వింటేనే రోగమేంటో చెప్పే మనిషి. ఊపిరి అలా తీసుకోవడం ఒక్కరోజులో వచ్చేది కాదని ఆయనకి తెలుసు.

"ఎప్పుడు నేర్చుకున్నావు?"

"నాన్నా..."

"అడిగిందానికి చెప్పు."

"తొమ్మిదో తరగతి సెలవుల్లో" అంది పిల్ల, నీళ్ళకేసి చూస్తూ.

ఆయన గట్టెక్కి, కారుతున్న నీళ్ళతోనే భార్య ముందుకెళ్ళి నిలబడ్డాడు. "తల్లీకూతుళ్ళు కలిసి నన్ను బాగానే వెర్రివాణ్ణి చేశారు. అందరికీ చెప్పుకున్నాను, ఇవాళే మొదలుపెట్టామని. ఎక్కడా చేర్పించొద్దన్నానా, లేదా?"

"అన్నారు."

"మరి? కనీసం నాకు చెప్పాలని లేదా?"

"చెబుదామని కూర్చునేదాన్ని. మీరు అన్నం ముందే కునికేవారు." ఆవిడ గొంతు పెంచలేదు. "ఆ యేడు కూడా అది ఆదివారం ఆదివారం సంచి సర్దుకునేది. ఒక ఆదివారం సర్దుకోలేదు. ఏమే, మీ నాన్నని అడగవా అంటే, 'వచ్చేవారం అని చెప్పడానికి నాన్న ఇబ్బంది పడుతున్నాడమ్మా, నేను మెట్లమీద కనబడకపోతే ఆయనకి సులువుగా ఉంటుంది' అంది. ఆరోజే తీసుకెళ్ళి చేర్పించాను. తిడితే నన్ను తిట్టండి, దాన్నేమీ అనకండి."

ఆ ఆదివారం ఆయనకి గుర్తుంది. మెట్లమీద సంచీ లేదు, పిల్లా లేదు. "అమ్మయ్య, మర్చిపోయింది" అనుకుని, ఈల వేసుకుంటూ బండి తీశాడు. ఆరోజు తనకి కలిగిన ఆ తేలికదనం ఇప్పుడు గుర్తొచ్చి, ఆయనకి తనమీద తనకే అసహ్యం వేసింది. బెంచీమీద కూలబడ్డాడు.

కూతురు వచ్చి తడిబట్టలతోనే పక్కన కూర్చుంది.

"మరి ఇవాళ ఈ నాటకం ఎందుకు, అమ్మడూ?"

"పొద్దున ఫోన్లో రానని చెప్తున్నావు కదా, పడుకునే విన్నాను. నాకోసం నువ్వు ఎవరికైనా రానని చెప్పడం అదే మొదటిసారి నాన్నా. వచ్చు అని చెబితే మళ్ళీ పనికి వెళ్ళిపోతావనుకున్నాను."

ఆయన చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. చుట్టూ జనం ఉన్నారన్న మాటే మరిచిపోయాడు. భార్య తువ్వాలుతో ఆయన తల తుడిచింది.

కాసేపటికి తేరుకుని, "ఏదీ, ఒకసారి ఈది చూపించు" అన్నాడు. పిల్ల అటుచివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది. మోచేతులు చక్కగా లేస్తున్నాయి, నీళ్ళు చెదరడం లేదు. ఎవరో మహానుభావుడు ఈల ఊది, దగ్గరుండి దిద్దిన ఈత అది. చూడముచ్చటగా ఉందని మెచ్చుకుంటూనే ఆయన లోపల్లోపల కుమిలిపోయాడు.

"నువ్వూ రా నాన్నా" అంది పిల్ల.

దిగాడు గానీ, నాలుగు బారలు వేసేసరికి ఆయాసం వచ్చి కొలను గోడ పట్టుకున్నాడు. "కాలువలు దాటిన వీరుడు ఈయనేనా?" అంది గట్టుమీంచి భార్య, తడి కళ్ళతోనే నవ్వుతూ.

"ఈదకు. వెల్లకిలా పడుకో, నేను పట్టుకుంటాను" అని కూతురు ఆయన వీపుకింద చెయ్యి పెట్టింది. ఆయన పడుకున్నాడు. అంతలో బెంచీమీద ఫోను మోగింది. అలవాటుకొద్దీ ఆయన తలెత్తి చూశాడు. కాళ్ళు కిందకి పోయి, ముక్కులోకి నీళ్ళు పోయి ఉక్కిరిబిక్కిరయ్యాడు.

"తల ఎత్తకు నాన్నా. తలెత్తావంటే కాళ్ళు మునుగుతాయి. ఎవరు పిలుస్తున్నారో అమ్మ చూసుకుంటుందిలే."

ఆయన మళ్ళీ పడుకుని, ఈసారి తల వెనక్కి వదిలేశాడు. చెవులు నీళ్ళలో మునిగాయి. ఫోను ఇంకా మోగుతోందో, ఆగిపోయిందో ఆయనకి వినబడలేదు. పైన ఎండ, దాని మధ్యలో కూతురి మొహం. ఇది చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఇంత దగ్గరగా ఎప్పుడు చూశాడో గుర్తు తెచ్చుకోబోయాడు, గుర్తురాలేదు.

పిల్ల వంగి, ఆయన చెవి దగ్గర చెప్పింది. "బాగా తేలుతున్నావు. ఇంక చెయ్యి తీసేస్తున్నాను."

"అప్పుడే వద్దు, అమ్మడూ" అన్నాడాయన. "ఇంకాసేపు ఉంచు."